పుంజా? పెట్టా?

పుట్టపర్తి చుట్టుపక్కల పల్లెల్లో వానలు సరిగా పడవు. శెనక్కాయ పంట ఒక ఏడు వస్తే ఒక ఏడు ఎండుతుంది. అలాంటప్పుడు ఉప్పుకు, చింతపండుకు ఆడవాళ్ల చేతిలో ఉండేది కోళ్ల డబ్బే.

ఒక అత్తాకోడళ్ల సంగతి చూడండి. వాళ్ల కోడి పొదిగి 11 పిల్లలను లేపింది. రెండు నెలలకు చేతిలో పైసా లేదు. అత్త గంప ఎత్తి నాలుగు పిల్లలను పట్టింది.

“ఇవి పుంజులే. సంతలో అమ్ముదాం” అంది.

“ఆ ఎర్రది పెట్ట మాదిరి ఉందత్తా.”

“కోసు గుడ్డులోంచి వచ్చింది. నేను చూసినా. పుంజే!”

అమ్మేశారు. నాలుగు నెలలకు ఆ ఎర్రది కొన్నవాళ్లింట్లో గుడ్డు పెట్టింది. అత్త మూడు రోజులు సరిగా అన్నం తినలేదు.

కోసు గుడ్డుకు పుంజు, గుండ్రని గుడ్డుకు పెట్ట అనే మాట నిజం కాదు. గుడ్డు ఆకారం దాన్ని పెట్టిన కోడిని బట్టి ఉంటుంది. లోపలి పిల్లను బట్టి కాదు.

కోడి 21 రోజులు పొదిగితే పిల్లలు వస్తాయి. అప్పుడే పుట్టిన నాటుకోడి పిల్లను చూసి మనం ఏమీ చెప్పలేం. హేచరీల్లో నేర్పరులు పిల్ల వెనక భాగాన్ని మెల్లగా తెరిచి చూసి చెబుతారు. ఈ విద్య 1930ల్లో జపాన్ నుంచి ఇతర దేశాలకు పాకింది. చేయి తిరగనివాళ్లు నొక్కితే పిల్ల చచ్చిపోవచ్చు. మనకు వద్దు.

నెలన్నర దాటాక తలమీది జుట్టు చూడండి. పుంజుపిల్లకు అది పెద్దదై ఎర్రబడుతుంది. గొంతు కింది తోలు కూడా అంతే. పెట్టపిల్లకు చిన్నగా, పాలిపోయి ఉంటుంది. పుంజు కాళ్లు లావు. అయితే పందేల అసిల్ జాతికి జుట్టే చిన్నది. కడక్‌నాథ్ కోడికి జుట్టు నల్లగా ఉంటుంది. వాటి దగ్గర ఈ గుర్తు మోసం చేస్తుంది.

ఈకలు చాలావరకు అలా మోసం చేయవు. మూడు నెలలప్పుడు పిల్లను పగటి వెలుతురులో ఒడిలో పెట్టుకోండి. మెడమీద, నడుము మీద, తోక మొదట్లో ఈకలను వేళ్లతో విడదీయండి. పుంజు ఈకలు సన్నగా, పొడుగ్గా, మెరుస్తూ, కొస మొనదేలి ఉంటాయి. పెట్ట ఈకల కొస గుండ్రంగా ఉంటుంది. ఆ తరువాత పుంజు తోకలో కొడవలి మాదిరి వంపు ఈకలు దిగుతాయి. గొంతు కీచుగా కూత కూడా మొదలవుతుంది. కాలి ముల్లు కోసం చూడవద్దు. అది పుంజుకు ఆలస్యంగా పెరుగుతుంది. ముసలి పెట్టకు కూడా ఒక్కోసారి వస్తుంది.

మళ్లీ కోడి పిల్లలను లేపింది. ఈసారి మూడు నెలలు ఆగమని కోడలు పట్టుబట్టింది. అత్త ఒక్కొక్కదాన్ని ఒడిలో పెట్టుకుని నడుము ఈకలు చూసింది. ఆరు పెట్టలు తేలాయి. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. అందుకని ఒక పుంజును ఉంచుకున్నారు. మిగిలిన పుంజులను సంతకు పంపారు.