మోకాళ్ల నొప్పులకు, రక్తప్రసరణకు ‘సహజ’ మందులు: చేయవలసినవి – చేయకూడనివి

మోకాళ్ల నొప్పులు, నడుం నొప్పి, కాళ్ల తిమ్మిర్లు నెలల తరబడి వదలకపోతే చాలామంది పసుపు మాత్రలు, వెల్లుల్లి మాత్రలు, చేప నూనె, శల్లకి, గుగ్గులు, అశ్వగంధ, గింకో మొదలుపెడుతున్నారు. వీటిలో కొన్ని కొందరికి కొంత ఉపశమనం ఇస్తాయి. అయితే నొప్పి మీద పనిచేసే పదార్థం ఒంట్లో మిగతా చోట్లా పనిచేస్తుంది. బీపీ, షుగర్, గుండె జబ్బులకు మందులు వాడేవారు, వయసు పైబడినవారు, గర్భిణులు ఈ సూచనలు తప్పక పాటించండి.

చేయవలసినవి

• ముందు నొప్పికి కారణం తేల్చుకోండి. మందు సంగతి ఆ తర్వాత చూడండి.

• నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతుంటే కాలి రక్తనాళాలకు పరీక్ష చేయించుకోండి. ధమనుల్లో పూడిక ఉండవచ్చు.

• అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు ఉంటే షుగర్, విటమిన్ బి12 పరీక్షలు చేయించుకోండి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 తగ్గే అవకాశం ఉంది.

• ఒక కాలు మాత్రమే ఉన్నట్టుండి వాచి, నొప్పి పుడితే అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు.

• పాదం చల్లబడి రంగు మారినా, కాలి వాపుకు ఆయాసమో ఛాతీ నొప్పో తోడైనా వెంటనే 108కి ఫోన్ చేయండి.

• ఇంట్లో వాడుతున్న మాత్రలు, పొడులు, కషాయాలు అన్నీ ఒక సంచిలో వేసుకెళ్లి డాక్టరుకు చూపించండి. అల్లోపతి డాక్టరుకు ఆయుర్వేద మందుల సంగతి, ఆయుర్వేద వైద్యులకు అల్లోపతి మాత్రల సంగతి చెప్పండి.

• వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే డాక్టరు ఒప్పుకున్నాకే సహజ మందులు మొదలుపెట్టండి. వెల్లుల్లి, గింకో, పసుపు సారం వీటికి తోడైతే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు.

• ఆపరేషన్‌కు, పన్ను తీయించుకోవడానికి ముందే మీరు వాడే సహజ మందుల సంగతి చెప్పండి. చాలావాటిని రెండు వారాల ముందు ఆపమంటారు.

• ఫుడ్ సప్లిమెంటు అయితే డబ్బా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, ఆయుర్వేద మందు అయితే తయారీ లైసెన్సు నంబరు చూడండి. నంబరు ఉన్నంత మాత్రాన నొప్పి తగ్గుతుందని హామీ లేదు.

• ఒకసారి ఒక్కటే మొదలుపెట్టండి, తేదీ రాసిపెట్టుకోండి. నాలుగు కలిపి వేసుకుంటే దేనివల్ల హాని జరిగిందో తేలదు.

• రెండు నెలలైనా గుణం కనిపించకపోతే ఆపేయండి.

• కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్లంతా దురద పెట్టినా వెంటనే ఆపి లివర్ పరీక్ష చేయించుకోండి. మిరియాల సారం కలిపిన కర్క్యుమిన్ మాత్రలు, అశ్వగంధ, తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్టు వైద్యులు నమోదు చేశారు. కూరలో వేసే చిటికెడు పసుపును, మాత్రలోని గాఢమైన సారాన్ని ఒకటిగా చూడకండి.

• మలం తారులా నల్లగా వస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి. కడుపులో రక్తస్రావం కావచ్చు.

• దుష్ప్రభావం కనిపిస్తే డాక్టరుకు చెప్పండి. 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరుకూ తెలపండి.

చేయకూడనివి

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం పేరులేని పొడులతోనే. అందుకే మొదటి నాలుగు సూచనలు మళ్లీ మళ్లీ చదవండి. ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించండి.

• తయారీదారు పేరు, అందులో ఏమున్నాయో రాసిలేని పొట్లాలు కొనకండి, ఎంత నమ్మకస్తులు చెప్పినా సరే.

• ఏళ్లనాటి నొప్పి రెండు మూడు రోజుల్లో మాయమైతే సంబరపడకండి. వాడిన పొడిలో చెప్పకుండా స్టెరాయిడో, నొప్పి మాత్రో కలిపి ఉండవచ్చు.

• ముఖం గుండ్రంగా ఉబ్బడం, ఆకలి విపరీతం కావడం, షుగర్ ఒక్కసారిగా పెరగడం ‘మందు పట్టిందనడానికి గుర్తు’ అంటే నమ్మకండి. అవి స్టెరాయిడ్ లక్షణాలు.

• అలాంటి పొడి వారాల తరబడి వాడి ఉంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, పొట్లంతో సహా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

• అమెరికా నుంచి పిల్లలు పంపారని ఏ డబ్బానూ గుడ్డిగా వాడకండి. సహజ సప్లిమెంటుగా అక్కడ అమ్మిన ‘ఆర్ట్రీ కింగ్’లో డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్ ఉన్నాయని, లేబుల్ మీద ఆ మాటే లేదని ఆ దేశపు ఎఫ్‌డీఏ 2022లో హెచ్చరించింది.

• యోగరాజ గుగ్గులు బదులు మహాయోగరాజ గుగ్గులు తెచ్చుకోకండి. రెండోదాంట్లో సీసం, పాదరసం వంటి లోహాలతో చేసిన భస్మాలు, రససిందూరం ఉంటాయి.

• భస్మాలు, రసౌషధాలు అర్హతగల ఆయుర్వేద వైద్యుల పర్యవేక్షణ లేకుండా వాడకండి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, పిల్లలకు సొంతంగా అసలే ఇవ్వకండి.

• గుండెపోటు వచ్చినవారు రక్తప్రసరణకని అమ్మే ఎల్-ఆర్జినిన్ వాడకండి. అలాంటి రోగులపై అమెరికాలో చేసిన పరీక్షలో ఈ మందు తీసుకున్నవారిలో 6 మంది చనిపోయారు, ఆ ఫలితాలు 2006లో వెలువడ్డాయి.

• బీపీ ఉన్నవారు అతిమధురం కషాయం రోజూ తాగకండి. బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది.

• నరాల బలానికని విటమిన్ బి6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి మింగకండి. అది మితిమీరితే దానివల్లే తిమ్మిర్లు వస్తాయి.

• థైరాయిడ్ మందు వాడుతూ అశ్వగంధ జోడించకండి. హార్మోన్ల లెక్క తప్పుతుంది.

• పిత్తాశయంలో రాళ్లుంటే పసుపు మాత్రలు వేసుకోకండి.

• సప్లిమెంటు మొదలుపెట్టామని బీపీ, షుగర్, గుండె మాత్రలు మానేయకండి.

• పక్కింటివారికి పనిచేసిన మోతాదు మీరు వాడకండి.

• ఉన్నట్టుండి వాచిన కాలికి తైలం పట్టించి మర్దన చేయించకండి. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు.

• షుగర్ ఉండి పాదాలకు స్పర్శ తగ్గినవారు వేడి కాపడం పెట్టుకోకండి. కాలినా తెలియదు.

• హాని జరిగిందని మిగిలిన మందు పారేయకండి. డబ్బా, బిల్లుతో సహా ఆస్పత్రికి తీసుకెళ్లండి.