అవధూత గురువులలో పింగళ

శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధమున శ్రీకృష్ణభగవానుడు ఉద్ధవునకు యదుమహారాజునకును ఒక అవధూతకును జరిగిన సంవాదమును వినిపించును. అందు అవధూత తనకు ఇరువదినలుగురు గురువులు గలరని చెప్పి, భూమి, వాయువు, ఆకాశము మొదలుగా ఒక్కొక్కరివలన తాను నేర్చిన పాఠమును వివరించును. ఆ వరుసలో విదేహనగరమందలి పింగళ యను వేశ్య యొకతె. ఆమె ఒకనాటి రాత్రి అలంకరించుకొని, ధనమిచ్చు విటునికై యెదురుచూచుచు, లోనికిని వాకిటికిని తిరుగుచు అర్ధరాత్రము వరకు వేచియుండెను. ఎవ్వరును రాలేదు. ఆ నిరాశయే ఆమెకు నిర్వేదమాయెను. హృదయమందే యున్న ప్రభువును విడచి పరులను ఆశ్రయించితిని గదా యని తలచి, ఆశను త్యజించి, సుఖముగా నిద్రించెను.

ఈ కథవలన ఆశాత్యాగమే సుఖమూలమని పెద్దలు బోధింతురు. అది ముఖ్యార్థమే. కాని కథ చెప్పిన తీరునందు గమనింపదగిన విషయము మరియొకటి గలదు. పింగళ తన బ్రతుకును తానే కఠినముగా నిందించుకొనెను. అవధూత మాత్రము తన నోట ఆమెను నిందింపలేదు. ఆమెను సంస్కరింప ఊరివారు వచ్చినట్లుగాని, వెలివేసినట్లుగాని కథలో లేదు. సర్వసంగపరిత్యాగియైన యతి తన గురువుల పంక్తిలో ఆమెకు చోటిచ్చి, ఆమెవలన నేర్చితినని రాజుతో నిస్సంకోచముగా చెప్పెను. నిర్వేదము లోపలినుండి పుట్టవలసినదే కాని పరుల దూషణ దానిని పుట్టింపజాలదని దీనివలన తెలియుచున్నది.

శ్రీవైష్ణవులకు ప్రియమైన తొండరడిప్పొడి యాళ్వారుల చరితము సైతము ఈ సందర్భమున స్మరింపదగినది. గోలకొండ కరణమైన సారంగు తమ్మయ దీనిని వైజయంతీవిలాసమను పేర తెలుగు కావ్యముగా రచించెను. దేవదేవి యను వేశ్యను వలచి విప్రనారాయణుడు సర్వమును పోగొట్టుకొనెననియే పలువురు ఈ కథను చెప్పుకొందురు. శ్రీరంగనాథుడు స్వయముగా బంగారు గిన్నెను గైకొని, సేవకుని వేషమున, ఊరివారు ఏవగించుకొను ఆ గడపకే నడచివచ్చెనన్న సంగతిని మరతురు. స్వామి అడుగిడిన వాకిలిని భక్తుడు ఛీకొట్టుట తగునా?

ఈ ప్రశ్న నల్లగొండ, మహబూబునగరు సీమలవారికి పురాణకాలక్షేపముతో ముగియునది కాదు. నారాయణపేట, మక్తలు, ఊట్కూరు ప్రాంతములందు జోగిని యను ఆచారము తరతరములుగా సాగినది. పేద దళితకుటుంబముల ఆడుపిల్లలను పసితనముననే ఎల్లమ్మకో పోచమ్మకో అర్పించినామని తాళి కట్టించెడివారు. ఆమెకు భర్త యుండడు. ఊరి మగవారికి ఆమెపై అధికారము గలదని భావించెడివారు. జాతరలందును శవయాత్రలందును ఆమె ఆడవలెను. ఆమెకు పుట్టిన బిడ్డను బడిలో చేర్చబోయినచో తండ్రిపేరు కావలెనందురు. దేవతపేరు చెప్పి ఆమెను ఈ స్థితికి తెచ్చిన ఊరే ఆమెను చెడినదనును.

1947లో మదరాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణను నిషేధించిన చట్టము నాడు నిజాము ఏలుబడిలో నున్న ఈ సీమకు వర్తింపలేదు. 1988లో ఆంధ్రప్రదేశమున చేసిన చట్టము జోగిని, బసివి, మాతమ్మ మొదలగు ఏ పేరుతోనైనను ఆడుపిల్లను అర్పించుట నేరమని నిర్ణయించెను. చట్టము ఆచారమును నిషేధించినది. కాని జోగిని బిడ్డను చూచి నవ్వు నోటిని మూయవలసినవారు ఊరివారే.

ఇది గ్రామదేవతల సంగతి, వైష్ణవులకు సంబంధింపదని కొందరనవచ్చును. అట్టివారు యాదగిరిగుట్టను తలచుకొనవలెను. 2016 వరకు నల్లగొండ జిల్లాలో చేరియుండిన ఆ నరసింహక్షేత్రమున, కొండక్రింది వీధులలో, 2018 జూలై చివర పోలీసులు పడుపుగృహములనుండి పదిమందికి పైగా బాలికలను విడిపించిరి. వారిలో బడియీడైనను సరిగా రాని పసివారుండిరి. వార్త వెలువడినప్పుడు దేశమెల్ల నివ్వెరపోయెను.

ఇచ్చట పింగళ కథను మరల తలచి, ఒక భేదమును గుర్తింపవలెను. పింగళ యుక్తవయస్కురాలు, తన వాకిట తాను నిలిచినది, తలుపు మూసికొనుటయు ఆమె చేతిలోనే యుండెను. కొనితేబడిన బాలికకు గాని, తాళి కట్టబడిన జోగినికి గాని ఆ తలుపు తమ చేతిలో లేదు. తాను చేయని పాపమునకు పశ్చాత్తాపమేమి? నిర్వేదము కలుగవలసినది అమ్మినవానికి, కొన్నవానికి, తెలిసియు మిన్నకున్న ఇరుగుపొరుగునకు. పెరిగి పెద్దయైన పిదప బ్రతుకుతెరువు లేక ఆ వృత్తిలోనే మిగిలిన స్త్రీని చూచునప్పుడును, ఆమె ఏ వయస్సున, ఎవరిచేత ఆ గడప లోపలికి నెట్టబడెనో తెలియక తీర్పు చెప్పరాదు.

నిందింపకున్నచో అధర్మమునకు ప్రోత్సాహము కాదా యని శంకింపవచ్చును. అధర్మమును నిందింపవలసినదే. కాని లోకముయొక్క నింద తిన్నగా పోదు. రాత్రి ఆ ఇంటికి పోయినవాడు తెల్లవారి తెల్లని పైపంచెతో పంచాయతీ అరుగుపై కూర్చుండును. ఆమెను మాత్రము నీళ్లబావి దగ్గర దూరముగా నిలుచుమందురు. కొనువాడు లేక అమ్మకము లేదు. బలవంతునివద్ద మౌనమును, బలహీనురాలివద్ద ధర్మోపన్యాసమును శాస్త్రజ్ఞానమనిపించుకొనవు.

2022 మే 19న సుప్రీంకోర్టు, తెలుగువారైన జస్టిస్ లావు నాగేశ్వరరావు అధ్యక్షతనున్న ధర్మాసనముద్వారా, ఈ వృత్తిలోని స్త్రీలకును రాజ్యాంగము 21వ అధికరణము క్రింద గౌరవముగా జీవించు హక్కు గలదని స్పష్టముచేసెను. పోలీసులు వారిని తిట్టరాదు, కొట్టరాదు; పత్రికలు వారి గుర్తింపును బయటపెట్టరాదు. భాగవతము యతినోట చూపిన మర్యాదను న్యాయస్థానము ఆజ్ఞగా పలికెను.

గృహస్థులు చేయదగినవి పెద్దకార్యములు కావు. ఆ స్త్రీలను సూచించు మాటను తిట్టుగా ఇంట పలుకరాదు. పిల్లల చెవిని పడనీయరాదు. అట్టి తల్లి బిడ్డ బడిలో తమ బిడ్డ ప్రక్కన కూర్చుండిన అడ్డు చెప్పరాదు. కొందరి దోషమునకు కులమునంతటిని దూషింపరాదు. ఆమె దర్శనమునకు వచ్చినచో వరుసలో చోటు వదలి జరుగరాదు. క్షేత్రమున గాని ఊరిలో గాని బాలికను అక్రమముగా ఉంచినారని అనుమానము కలిగినచో 1098 ఫోనునకు తెలుపవలెను; చూచి తొలగిపోరాదు.

గుట్టపై వెలసిన స్వామి అవతారకారణమును భక్తులెరుగుదురు. కన్నతండ్రియే హింసించిన పసివానికొరకు ఆయన స్తంభమునుండి వెడలెను. ప్రహ్లాదుని ఏ తప్పు చేసితివని ఆయన అడుగలేదు; ఒడిలోనికి తీసికొనెను. ఆ స్వామికి మ్రొక్కి మెట్లు దిగు భక్తుడు క్రిందివీధిలోని బిడ్డను ఏ కంటితో చూచునో, అదియే అతని యాత్రాఫలమునకు గుర్తు.