ఇంటికొచ్చిన కుందేలు పిల్ల

మా అక్క వాళ్ళ ఊళ్ళో ప్రతి బుధవారం సంత జరుగుతుంది. కూరగాయలు, ఎండుచేపలు, గాజులు, కోళ్ళు అన్నీ వస్తాయి. ఒక బుధవారం ఒకతను వెదురుబుట్టలో కుందేలు పిల్లలు తెచ్చి కూర్చున్నాడు. తెల్లగా దూదిపింజల్లా ఉన్నాయి. ఒక్కొక్కటి అరచేతిలో ఇమిడేటంత ఉంది. మా అక్క కూతురు ఆ బుట్ట దగ్గర నిలబడిపోయింది. పిలిస్తే రాదు. లాగితే ఏడుపు. అక్క ఏం చేస్తుంది? కూలి డబ్బుల్లోంచి తీసి ఒక పిల్లను కొన్నది.

"దీనికి ఏం పెట్టాలయ్యా?" అని అడిగింది.

"ఏం పెట్టినా తింటదమ్మా. అన్నం పెట్టు, బిస్కెట్టు పెట్టు, క్యారెట్టు పెట్టు. నీళ్ళు మాత్రం పెట్టొద్దు. నీళ్ళు తాగితే కుందేలు చస్తది" అన్నాడు అతను.

ఆ రాత్రి ఇంటిల్లిపాదీ దాని చుట్టూనే కూర్చున్నారు. ఒకరు పాలు పోశారు. ఒకరు బిస్కెట్టు ముంచి నోటికి అందించారు. పక్కింటి పిల్లలు వచ్చి చెవులు పట్టుకుని ఎత్తారు. రెండోనాడు అది మూల నక్కి కూర్చుంది. మూడోనాడు విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగోనాడు తెల్లారేసరికి కట్టెలా బిగుసుకుపోయి ఉంది.

పాప రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

"కుందేలు మన ఇంటికి అచ్చిరాలేదు" అన్నది అక్క. మేమూ అలాగే అనుకున్నాం. కానీ ఆ తరువాత అక్క తన మేకను పశువుల ఆసుపత్రికి తోలుకుపోయింది. అక్కడ డాక్టరమ్మతో ఈ మాట చెప్పింది. డాక్టరమ్మ మేకను చూసి మందు రాసింది. తరువాత అక్కను కూర్చోబెట్టి అడిగింది.

"ఎన్ని రోజుల పిల్లమ్మా అది?"

"ఏమో డాక్టరమ్మా! నేను అడగలేదు."

"అరచేతిలో ఇమిడిందంటున్నావు. నెల కూడా నిండి ఉండదు. ఇంకా తల్లి దగ్గర ఉండాల్సిన పిల్ల."

కుందేలు పిల్ల పుట్టినప్పుడు దాని ఒంటి మీద బొచ్చు ఉండదు. కళ్ళు మూసుకుని ఉంటాయి. సుమారు పది రోజులకు కళ్ళు తెరుస్తుంది. తల్లి రోజంతా పిల్లల దగ్గర కూర్చోదు. రోజుకు ఒకసారో రెండుసార్లో వచ్చి కొద్ది నిమిషాలు పాలిచ్చి పోతుంది. మూడో వారంలో పిల్లలు గడ్డి కొరకడం మొదలుపెడతాయి. పాలు తాగుతూనే గడ్డి నేర్చుకుంటాయి. ఎనిమిది వారాలు నిండాక తల్లి నుంచి వేరు చేస్తే మంచిది. కానీ చిన్న పిల్లయితే ముద్దుగా ఉంటుంది, తొందరగా అమ్ముడుపోతుంది. అందుకని కొందరు మూడు నాలుగు వారాలకే సంతకు తెచ్చేస్తారు.

"అయితే ఏమవుతుంది? మేమూ పాలే పోశాం కదా!" అన్నది అక్క.

డాక్టరమ్మ చెప్పిన జవాబు మనందరికీ అర్థమయ్యేదే. పాలు పెరుగు కావాలంటే తోడు వెయ్యాలి. ఆ తోడులో కంటికి కనబడని మంచి క్రిములు ఉంటాయి. కుందేలు పేగులో కూడా అలాంటి మంచి క్రిములు ఉంటాయి. గడ్డిని పులియబెట్టి, ఒంటికి పట్టేలా చేసేవి అవే. పసిపిల్ల కడుపులో ఆ తోడు ఇంకా సరిగా కుదురుకోదు. అప్పుడే ఆవుపాలు, అన్నం, బిస్కెట్టు, చక్కెర పడితే చెడ్డ క్రిములు పెరుగుతాయి. కడుపు ఉబ్బుతుంది. విరేచనాలు పడతాయి. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. పైగా కుందేలుకు వాంతి కాదు. తిన్నది సరిపడకపోయినా బయటికి కక్కలేదు.

చూశారా! అచ్చిరాకపోవడం కాదు. తెలియకపోవడం.

కొన్ని నెలలు గడిచాయి. పాప మళ్ళీ అడిగింది. ఈసారి అక్క సంతకు పోలేదు. పక్క ఊళ్ళో కుందేళ్ళు పెంచే వాళ్ళింటికి వెళ్ళింది. తల్లిని చూసింది. పిల్లలు పుట్టిన తేదీ అడిగింది. తొమ్మిది వారాల పిల్లను ఎంచుకుంది. ముక్కు కారడం లేదు. చెవుల్లో చెక్కు కట్టి లేదు. తోక కింద శుభ్రంగా ఉంది. పై పళ్ళు, కింది పళ్ళు సరిగా కలుస్తున్నాయి. చెయ్యి చూపగానే చెంగున దూకింది. ఇవన్నీ మంచి గుర్తులే. కళ్ళు ఎర్రగా ఉంటే జబ్బు అనుకోకండి. తెల్ల కుందేళ్ళకు చాలావాటికి కళ్ళు అలాగే ఉంటాయి. అలాంటి ఒక జాతిని న్యూజిలాండ్ వైట్ అంటారు. పేరు న్యూజిలాండ్‌ది, జాతి తయారైంది మాత్రం అమెరికాలో!

వచ్చేటప్పుడు అక్క అది తినే దాణా, గడ్డి కూడా ఒక సంచిలో అడిగి తెచ్చుకుంది. ఇది చాలా ముఖ్యం. మొదటి వారం పాత తిండే పెట్టాలి. ఆ తరువాత కొత్త తిండి కొంచెం కొంచెంగా కలపాలి. ఒక్కసారిగా మార్చితే కడుపు చెడుతుంది.

ఇంటికి తెచ్చాక రెండు మూడు రోజులు దాని మానాన దాన్ని వదిలేశారు. కుందేలు పిరికిది. కుక్క, పిల్లి, గద్ద, పాము అన్నీ దానికి శత్రువులే. అందుకే ఎక్కడైనా దాక్కోవాలని చూస్తుంది. ఒక అట్టపెట్టెకు పక్కన కంత కోసి బోర్లించండి. అదే దాని ఇల్లు. పాప దూరంగా నేల మీద కూర్చుని ఊరికే చూసేది. మూడోనాడు అదే వచ్చి పాప కాలి వేలు వాసన చూసింది. ఆ సంగతి పాప వీధి వీధంతా చెప్పింది.

ఎత్తుకునే పద్ధతి కూడా నేర్చుకోవాలి. చెవులు పట్టుకుని ఎత్తకూడదు. ఒక చెయ్యి రొమ్ము కింద పెట్టాలి. ఇంకో చెయ్యి వెనక కాళ్ళ కింద పెట్టి, ఒంటికి ఆనించుకోవాలి. వెనక కాళ్ళకు ఆసరా లేకపోతే అది గట్టిగా తన్నుకుంటుంది. ఆ తన్నులో దాని వెన్నెముకే విరిగిపోవచ్చు. చిన్నపిల్లల చేత ఎత్తించకండి. కింద కూర్చోబెట్టి నిమరమనండి.

ఇక నీళ్ళ సంగతి. కుందేలుకు నీళ్ళు పెట్టకూడదనే మాట మన ఊళ్ళల్లో చాలామంది నమ్ముతారు. మా బావ కూడా నమ్మాడు. "మా తాత కుందేళ్ళను పెంచాడు, ఏనాడూ నీళ్ళు పెట్టలేదు" అని వాదించాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టు! పచ్చిగడ్డిలో కొంత నీరు ఉంటుంది నిజమే. కానీ అది చాలదు. నీళ్ళు తక్కువైతే తిన్న గడ్డి లోపల ఎండి గట్టిపడుతుంది. ఎండాకాలంలో అయితే చెప్పనక్కర్లేదు. రాత్రీ పగలూ శుభ్రమైన నీళ్ళు అందుబాటులో ఉండాలి. తేలిక గిన్నె అయితే తన్నేస్తుంది. బరువైన మట్టి మూకుడు పెట్టండి.

తిండిలో ముఖ్యమైనది గడ్డి. క్యారెట్టు కాదు! బొమ్మల్లో కుందేలు చేతిలో క్యారెట్టు చూసి అందరం అదే దాని తిండి అనుకుంటాం. క్యారెట్టు దుంపలో తీపి ఎక్కువ. పెద్దయ్యాక ఎప్పుడో ఒక చిన్న ముక్క చాలు. గడ్డి మాత్రం ఎప్పుడూ ముందు ఉండాలి. గరిక మంచిది. నీడలో ఆరబెట్టిన గడ్డి మంచిది. ఆరు నెలల లోపు పిల్లకు లూసర్న్ గడ్డి బలం. ఎదిగే ఎముకకు పనికొస్తుంది. పెద్దయ్యాక దాన్ని తగ్గించాలి. బూజు పట్టిన గడ్డి పెట్టకూడదు. పొలంగట్టు మీద కోసుకొచ్చే ముందు కలుపుమందు, పురుగుమందు కొట్టారేమో అడగండి.

గడ్డి ఎందుకంత అవసరం? కుందేలు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. గడ్డిని గంటల తరబడి నమిలితేనే అవి అరుగుతాయి. అరగకపోతే పళ్ళు వంకర తిరిగి బుగ్గలో గుచ్చుకుంటాయి. అప్పుడు ఆకలి ఉన్నా తినలేదు. కొరుక్కోవడానికి జామకొమ్మ కూడా వెయ్యవచ్చు.

మూడు నెలలు నిండాక కొత్తిమీర, ముల్లంగి ఆకు వంటివి కొద్దిగా అలవాటు చెయ్యాలి. ఒకసారికి ఒక్క ఆకే. రెండు మూడు రోజులు పెంటికలు చూసి, బాగుంటే ఇంకొకటి. ఉల్లిపాయ, వెల్లుల్లి, బంగాళాదుంప, టమాట ఆకు పెట్టకూడదు. చాక్లెట్, మిఠాయి పెట్టకూడదు. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు దగ్గరికి పోనియ్యకూడదు.

ఒకనాడు తెల్లవారుజామున అక్క లేచి చూసింది. కుందేలు తన వెనక మూతి పెట్టి తన పెంటికలే తింటోంది! అక్కకు కడుపులో తిప్పింది. "దీనికి పిచ్చి పట్టింది" అనుకుంది. అది పిచ్చి కాదు. కుందేలు రెండు రకాలుగా విసర్జిస్తుంది. ఒకటి గుండ్రని, పొడి పెంటికలు. రెండోది మెత్తగా, ద్రాక్షగుత్తిలా అంటుకుని ఉండేది. మెత్తనిదాంట్లో పోషకాలు మిగిలి ఉంటాయి. వాటిని మళ్ళీ తింటేనే ఒంటికి పడతాయి. ఆవు నెమరు వేస్తుంది కదా, ఇది కూడా అలాంటి ఏర్పాటే. ఆపకండి.

పొడి పెంటికలు, ఉచ్చ మాత్రం అది సాధారణంగా ఒకే మూల పోస్తుంది. ఆ మూల ఒక పాత ప్లాస్టిక్ తట్ట పెట్టి, పాత పేపరు, పైన ఎండుగడ్డి వెయ్యండి. రోజూ మార్చండి. ఆ చెత్త కూరపాదులకు మంచి ఎరువు. నేల చదునుగా ఉండాలి. వట్టి ఇనుప జాలీ మీద ఉంచితే అరికాళ్ళు పుండ్లు పడతాయి. కరెంటు వైర్లు పైకి కట్టేయండి. కుందేలు కంటికి వైరు కూడా కొమ్మే. స్నానం చేయించకండి. తన ఒళ్ళు తానే నాక్కుని శుభ్రం చేసుకుంటుంది.

మన ప్రాంతంలో కుందేలుకు పెద్ద గండం ఎండ. కుందేలుకు మనలా చెమట పట్టదు. వేడి ఎక్కువగా చెవుల ద్వారానే బయటికి పోతుంది. 30 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి! రేకుల కింద గంపలో మూసిపెడితే మధ్యాహ్నానికే ప్రాణం పోతుంది. ఇంట్లో చల్లటి మూల చూడండి. కిటికీకి తడి గోనెపట్టా కట్టండి. పక్కన నీళ్ళు చల్లి చల్లబరచిన బండ వెయ్యండి. చెవులకు తడిచేత్తో రాయండి. నోరు తెరిచి రొప్పుతుంటే అది ప్రమాదం. వెంటనే నీడకు చేర్చి, చెవులు తడిపి డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ఒక్కసారిగా ఐసునీళ్ళలో ముంచకూడదు.

ఇంకొక గండం మన చేతుల్లోనే ఉంది. ఇంట్లో మిగిలిన పిల్లల మందు కుందేలుకు పొయ్యడం. మనకు దగ్గుకూ జ్వరానికీ రాసే అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ వంటి మందులు కుందేలు నోట్లో పోస్తే కడుపులోని ఆ మంచి తోడు చచ్చిపోతుంది. కుందేలూ చచ్చిపోతుంది. కుక్కల గోమార్లకు కొట్టే ఫిప్రోనిల్ మందు కూడా దీనికి విషమే. గజ్జి వచ్చినా, చెవిలో చెక్కు కట్టినా పశువుల డాక్టరు చెప్పిందే వాడాలి. గజ్జి మనకూ అంటవచ్చు, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

రెండు కుందేళ్ళు పెంచేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మూడున్నర, నాలుగు నెలలకే అవి కట్టవచ్చు. చూలు నెల రోజులే. ఈనిన రోజే మళ్ళీ కట్టవచ్చు కూడా. రెండూ ఆడవే అని అమ్మినవాడు చెప్పినా, మూడు నెలలకు డాక్టరుకు చూపించండి. లేకపోతే ఇల్లంతా కుందేళ్ళే.

అడవిలో, చేలో దొరికే చెవులపిల్లి మాత్రం వేరు. అది పుట్టుకతోనే బొచ్చుతో, తెరిచిన కళ్ళతో ఉంటుంది. తల్లి దాన్ని గడ్డిలో దాచి మేతకు పోతుంది. వదిలేసిందనుకుని ఇంటికి తేకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, పెంచడం నేరం.

మా అక్క చదువుకున్నది పెద్దయ్యాకే, సాయంత్రం బడిలో. కుందేలు వచ్చిన రోజున ఒక నోటుపుస్తకం తెరిచింది. రోజుకు ఒక వాక్యం రాసేది. "సోమవారం. గడ్డి తిన్నది. పెంటికలు బాగున్నాయి." ఏముంది అందులో అని బావ నవ్వేవాడు.

ఒకనాడు ఆ పుస్తకంలో ఇలా రాసింది. "శుక్రవారం. రాత్రి గడ్డి అట్లే ఉన్నది. పెంటికలు చిన్నవి, నాలుగే." కుందేలు మామూలుగానే కూర్చుని ఉంది. జబ్బుపడినట్టు కనబడితే శత్రువు పట్టేస్తుందని, అది నొప్పిని దాచుకుంటుంది. పళ్ళు మాత్రం పటపట కొరుకుతోంది. అక్క పనికి పోలేదు. పుస్తకం, కుందేలు రెండూ తీసుకుని ఎనిమిదింటికల్లా పశువుల ఆసుపత్రి గుమ్మంలో నిలబడింది.

డాక్టరమ్మ పుస్తకం తిప్పి చూసింది. "నిన్న సాయంత్రం తిన్నదా?"

"తిన్నదండి. ఇదిగో, రాశాను."

"మంచి పని చేశావమ్మా. కుందేలు సగం రోజు తినకపోతే, పెంటికలు వెయ్యకపోతే పేగు నిలిచిపోతుంది. రేపటిదాకా చూద్దాం అనుకుని ఉంటే దక్కేది కాదు."

చర్మం కింద నీళ్ళు ఎక్కించింది. నొప్పికి సూది వేసింది. దాణా నానబెట్టి, మెత్తగా చేసి, సూదిలేని సిరంజితో బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెంగా పట్టమంది. ఆ రాత్రి అక్క, పాప వంతులవారీగా మేలుకున్నారు.

మరునాటి వాక్యం పాప రాసింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. "శనివారం. పెంటికలు పదకొండు."