పాత జీపుకి కొత్త సత్తువ: మన గెడ్డలూ, గుట్టలూ, కొంచెం భౌతికశాస్త్రం

మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ‘జీపు’ అనే మాట ఒక కంపెనీ బండికి పేరు కాదు. కమాండర్ అయినా, 1994లో వచ్చిన సుమో అయినా, 2000లో వచ్చిన బొలేరో అయినా, కొండబాట ఎక్కగలిగిన ప్రతి బండీ మనవాళ్ళకి జీపే. పట్నాల్లో రెండు లక్షల కిలోమీటర్లు తిరిగి అలసిపోయిన బండ్లు చివరికి చేరేది సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, పాచిపెంట వైపుకే. సంతకి చింతపండూ, పసుపూ, అనాసపళ్ళూ మోసేవి అవే. రాత్రిపూట రోగుల్ని మోసేవీ అవే. 108 అంబులెన్సు సర్వీసు మన రాష్ట్రంలో 2005లో మొదలైంది. కాని సరైన రోడ్డు లేని సవర, జాతాపు గూడేలకి అది ఎక్కలేదు. రోగిని డోలీలో మోసుకొచ్చి, బాట దొరికిన చోట జీపు ఎక్కిస్తారు. అలాంటి జీపు నడి గెడ్డలో ఆగిపోతే నష్టం డబ్బుతో పోదు.

పోనీ, ఆ డబ్బైనా తేలికగా వచ్చిందా? మా వంటి రైతు కుటుంబాల్లో పాత జీపు కొనడమంటే ధాన్యం సొమ్ముకి తోడు ఇంట్లో బంగారం తాకట్టుకి వెళ్ళడమే. కొన్న తరువాత, మిగిలిన నాలుగు రాళ్ళూ దేనికి ఖర్చు పెట్టాలి? మా ఈడు కుర్రవాళ్ళని అడిగితే ఎత్తు పెంచాలి, లావు టైర్లు వేయాలి, ముందు ఇనుప కడ్డీలు బిగించాలి అంటారు. ఇది పైన పటారం, లోన లొటారం. ఖర్చుకి ఒక వరుస ఉంది. ఆ వరుస మనం తరగతిలో చదువుకునే భౌతికశాస్త్రమే చెబుతుంది.

కొనేముందు పరీక్ష

మీటరు మీద అంకెని నమ్మి బండి కొనకూడదు. అరిగిన పెడల్ రబ్బర్లూ, వదులైన స్టీరింగూ నిజం చెబుతాయి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చూడండి. పొగ బుసబుసా వస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయన్నమాట. సైలెన్సర్‌లో నీలిపొగ వస్తే ఆయిల్ మండిపోతోంది. సముద్రపు ఒడ్డు ఊళ్ళలో తిరిగిన బండైతే కిందకి దూరి ఛాసిస్‌ని సుత్తితో తట్టి చూడాలి. ఉప్పుగాలి తగిలిన ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. ఇంజన్ మరమ్మతు చేయించుకోవచ్చు గాని, కుళ్ళిన ఛాసిస్ ఉన్న బండిని ఒగ్గేయడమే మంచిది.

మొదటి ఖర్చు బ్రేకులకి

సాలూరు దాటి సుంకి ఘాటు మీదుగా ఒడిశా వెళ్ళే 26వ నంబరు జాతీయ రహదారి మనకి తెలిసిందే. మనుషులతో కలిపి రెండు టన్నుల బండి 500 మీటర్ల ఎత్తు నుంచి దిగుతుందనుకుందాం. దాని స్థితిజ శక్తి సుమారు 98 లక్షల జౌళ్ళు. 31 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి మరిగే దాకా వేడి చేయడానికి ఇది చాలు. కేవలం బ్రేకు తొక్కుతూ దిగితే ఇందులో చాలా భాగం బ్రేకుల్లోనే వేడిగా మారుతుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగుతుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే తొక్కిన పెడల్ ఊరికే కిందకి పోతుంది. అందుచేత కొత్త ఆయిల్, కొత్త లైనింగులు ముందు. దిగేటప్పుడు చిన్న గేరు వేస్తే సగం భారం ఇంజనే మోస్తుంది.

కమాన్లు, షాకులు

బరువు కోసం వెనక కమాను కట్టలో అదనంగా ఒక పట్టీ వేయించడం మనవైపు అలవాటు. ఒకే కొలత గల అయిదు పట్టీలకి ఆరోది చేరితే గట్టితనం సుమారు 20 శాతం పెరుగుతుంది. నిండు బరువుతో బాగానే ఉంటుంది. ఖాళీగా వస్తున్నప్పుడు మాత్రం చక్రం గతుకు గతుకుకీ నేల విడిచి ఎగురుతుంది. నేలని తాకని చక్రం లాగనూ లేదు, ఆపనూ లేదు. నొప్పులు పడుతున్న గర్భిణిని ఆ బండిలో ఎక్కిస్తే ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. కమాను శక్తిని దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది. దాన్ని వేడిగా మార్చి ఊగుడు ఆపేది షాకే. బానెట్‌ని బలంగా నొక్కి వదిలితే బండి ఒకసారి లేచి నిలబడాలి. ఊయలలా ఊగుతూ ఉంటే షాకులు పోయినట్టే. పట్టీ చేర్చకముందు షాకులూ, బుష్షులూ మార్చండి. మన తాతలు నాటుబండి ఇరుసుకి కందెన పెట్టినట్టే, నిపుల్స్ ఉన్న చోటల్లా గ్రీజు కొట్టించండి.

టైర్ల లెక్క, ఎత్తు లెక్క

బొలేరోకి సాధారణంగా వచ్చే 215/75 ఆర్ 15 టైరు వ్యాసం 703.5 మిల్లీమీటర్లు. దాని బదులు 235/75 వేస్తే 733.5. వ్యాసం 30 మిల్లీమీటర్లు పెరిగినా బండి లేచేది అందులో సగం, అంటే 15 మాత్రమే. మీటరు 60 చూపినప్పుడు అసలు వేగం సుమారు 62.6 ఉంటుంది. చక్రం లాగే బలం 4 శాతం తగ్గుతుంది. గుట్ట ఎక్కే ముసలి ఇంజన్‌కి అది చిన్న సంగతి కాదు. పాత కొలతలోనే గాడులు లోతుగా ఉన్న మంచి టైర్లు మేలు.

ఎత్తు సంగతీ అంతే. చక్రాల మధ్య ఎడం 1.4 మీటర్లు, గరిమనాభి ఎత్తు 0.7 మీటర్లు అనుకుంటే, లెక్క ప్రకారం పక్కకి 45 డిగ్రీలు ఒరిగే దాకా బండి పడిపోదు. టాపు మీద మనుషుల్నీ, మూటల్నీ ఎక్కించి ఆ ఎత్తుని 0.9 చేస్తే 38 డిగ్రీలకే బోల్తా. కదిలే బండి ఇంకా ముందే పడుతుంది.

గెడ్డ దాటేటప్పుడు

దూరం నడిచిన బండి వెనక ఇరుసు పెట్టె బాగా వేడెక్కి ఉంటుంది. 80 డిగ్రీల వేడిలో ఉన్నది గెడ్డ నీటిలో దిగి 30కి చల్లారితే లోపలి గాలి పీడనం 14 శాతం పడిపోతుంది. బ్రీదర్ మూసుకుపోయి ఉంటే సీళ్ళ పక్కనుంచి, నీట మునిగి ఉంటే దాని గుండానే నీరు లోపలికి పోతుంది. తరువాత ఆయిల్ తీసి చూస్తే పాలు కలిపిన టీ రంగులో ఉంటుంది. దీనికి మందు చవకైనదే. బ్రీదర్‌కి ఒక రబ్బరు గొట్టం తగిలించి పైదాకా కట్టించాలి. ఇంజన్ నీటిలో ఆగితే మళ్ళీ సెల్ఫ్ కొట్టవద్దు. గాలి నొక్కుకుంటుంది గాని నీరు నొక్కుకోదు. సిలిండర్‌లో నీరుంటే వంగేది కనెక్టింగ్ రాడ్డే. బండిని బయటకి తోసి, గాలి ఫిల్టర్ విప్పి చూశాకే మిగతా పని. అసలు నడిచి చూడని గెడ్డలోకి బండి దింపకపోవడం అన్నిటికన్నా మంచిది.

చట్టం సంగతి

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి స్వరూపం ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని అనుమతించదు. సుప్రీంకోర్టు 2019లో ఇదే స్పష్టం చేసింది. ముందు బిగించే ఇనుప కడ్డీలు చెల్లవని కేంద్రం 2017లోనే చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర పేచీ వస్తుంది. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషన్ తిరిగి చేయించుకోవాలన్న సంగతీ కొనేముందే గుర్తుండాలి.

కాబట్టి వరుస ఇది: బ్రేకులు, టైర్లు, షాకులూ బుష్షులూ, రేడియేటరూ దాని గొట్టాలూ, బ్రీదర్ గొట్టం. ఆపైన మిగిలితే మంచి హెడ్‌లైట్లు. ఎత్తు పెంచడం ఈ జాబితాలో లేదు.

చివరగా మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. ప్రతి ఏటా ఎన్.ఎస్.ఎస్. శిబిరాలకి పల్లెలకి వెళ్తున్నాం. ఈసారి ఏజెన్సీ సంత జరిగే చోట ఒక రోజు, తెలిసిన మేస్త్రి ఒకరిని తోడు తీసుకుని, అక్కడి జీపుల బ్రేకు ఆయిలూ, షాకులూ, బ్రీదర్లూ చూసి పెడదాం. దానికి కావలసింది ఒక టార్చిలైటు, ఒక సుత్తి, నాలుగు మీటర్ల రబ్బరు గొట్టం. లెక్క చెప్పడానికి మనం ఉన్నాం.