పౌడర్ డబ్బా, క్యాన్సర్, కోర్టు కేసు – రోగి కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతులు

ఈసారి పాఠం ఒక కొడుకు అడిగిన ప్రశ్నతో మొదలుపెడుతున్నాను.

కొంతకాలం క్రితం జహీరాబాద్ చుట్టుపక్కల పల్లె నుండి ఒక పెద్దమ్మ మా ఆడవాళ్ల వార్డులో చేరింది. కడుపు ఉబ్బింది, నాలుగు ముద్దలు తినేసరికి నిండిపోతోంది, మాటిమాటికీ మూత్రానికి పోవాలనిపిస్తోంది అని చెప్పింది. గ్యాస్ అనుకుని మూడు నెలలు సోడాలు, గోళీలు వాడారు. స్కానింగ్ తీస్తే అండాశయంలో గడ్డ కనబడింది. పట్నంలోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి డాక్టరుగారు చీటీ రాసిచ్చారు. బయలుదేరే ముందురోజు సాయంత్రం ఆమె కొడుకు నన్ను వరండాలోకి పిలిచాడు.

"సిస్టరమ్మా, మా అమ్మకు పౌడర్ తోటే క్యాన్సర్ వచ్చిందంటున్నరు. అమెరికాల కేసేస్తే కోట్లు ఇస్తరంట. ఒకాయన ఫారం నింపుతనన్నడు, ఇరవై వేలు అడిగిండు. ఐదు వేలు ఇచ్చిన. మిగతాది ఇయ్యాల్నా?"

అతని జేబులో ఉన్నవి పట్నం పోవటానికి అప్పు తెచ్చిన డబ్బులు. "ఇవ్వొద్దు, రేపు బస్సెక్కండి" అని మాత్రం చెప్పగలిగాను. ఎందుకు ఇవ్వకూడదో వివరంగా చెప్పటానికి అప్పుడు నాకే తెలియదు. తర్వాత చదివి, డాక్టర్లనూ, వకీలు పని తెలిసిన మా సంఘపెద్దనూ అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

పౌడర్‌లో ఉన్నది ఏమిటి?

టాల్కం పౌడర్ అంటే రాతిపొడి. టాల్క్ అనే మెత్తటి రాయిని భూమిలో నుండి తవ్వి, పిండి చేసి, సువాసన కలుపుతారు. ఈ రాయి మనకు కొత్తది కాదు. పలక మీద రాసే బలపం ఈ జాతి రాయే. కర్నూలు వైపు, ఇప్పటి నంద్యాల జిల్లాలోని బేతంచర్ల, ముద్దవరం ప్రాంతంలో ఈ రాయి గనులు ఉన్నాయి. (గర్భిణీ స్త్రీలు బలపాలు కొరికి తింటుంటారు. అది రక్తహీనతకు గుర్తు. అలాంటి కోడలు ఇంట్లో ఉంటే తిట్టకండి, రక్తపరీక్షకు తీసుకురండి.)

చిక్కు ఎక్కడ ఉందంటే, టాల్క్ పుట్టేచోట కొన్నిసార్లు దాని పక్కనే ఆస్బెస్టాస్ కూడా పుడుతుంది. తెలుగులో దీన్ని రాతినార అంటారు. రెండింటిలోనూ ప్రధానంగా ఉండేవి మెగ్నీషియం, సిలికాలే. కడప జిల్లా పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లిలో వెనుక ఈ రాతినారనే తవ్వేవారు. ఆ రాతినార, ముద్దవరం బలపపురాయి, రెండూ దొరికేది వేంపల్లె పొరలని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే ఒకే రాతి వరుసలో. అంతమాత్రాన మన బలపాల్లో విషం ఉందని కాదు. గని ఎంచుకునేటప్పుడు, పొడిని పరీక్షించేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో తెలియటానికి చెబుతున్నాను.

ఆస్బెస్టాస్ పోగులు కంటికి కనబడవు. పీల్చితే ఊపిరితిత్తుల్లో దిగి కరగకుండా ఉండిపోతాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్, వాటి మీది పొరకు వచ్చే మీసోథీలియోమా, అండాశయ క్యాన్సర్ దీనివల్ల వస్తాయని రుజువయింది. జబ్బు బయటపడటానికి ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై ఏళ్లు పడుతుంది. ఈ ఆలస్యాన్ని గుర్తుంచుకోండి, కోర్టు సంగతి వచ్చినప్పుడు మళ్లీ చెబుతాను.

అమెరికాలో నిజంగా ఏం జరిగింది?

అక్కడ జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ మీద వేలాదిమంది కేసులు వేసిన మాట నిజం. కొన్ని కేసుల్లో పెద్ద మొత్తాలు తీర్పు వచ్చిన మాటా నిజం. కాని మన దాకా చేరే వార్తలో కోట్లు మాత్రమే ఉంటాయి, మిగతా కథ ఉండదు.

2013లో దక్షిణ డకోటా రాష్ట్రంలో అండాశయ క్యాన్సర్ వచ్చిన ఒక స్త్రీ కేసులో, ప్రమాదం గురించి కంపెనీ హెచ్చరించలేదని జ్యూరీ ఒప్పుకుంది. అయినా ఆమెకు ఒక్క డాలరు కూడా ఇప్పించలేదు. 2016లో సెయింట్ లూయీ నగరంలో ఇంకో కుటుంబానికి 7 కోట్ల 20 లక్షల డాలర్లు ఇవ్వాలని జ్యూరీ చెప్పింది. జబ్బుపడిన మనిషి అప్పటికే చనిపోయింది. 2017లో పై కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. కారణం ఏమిటంటే, ఆమెది అలబామా రాష్ట్రం, కేసు వేసింది మిజోరీ రాష్ట్రంలో. ఒకే దేశంలో రాష్ట్రం వేరయినందుకే కేసు నిలవలేదు!

2018లో అదే నగరంలో 22 మంది స్త్రీలు కలిసి వేసిన కేసులో 469 కోట్ల డాలర్ల తీర్పు వచ్చింది. ఆ పొడిలో ఆస్బెస్టాస్ ఉండేదన్నది వారి వాదన. 2020లో పై కోర్టు దాన్ని సుమారు 212 కోట్లకు తగ్గించింది. 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కంపెనీ అప్పీలు తీసుకోవటానికి నిరాకరించింది. ఆ డబ్బు కట్టక తప్పలేదు.

ఆ తర్వాత కంపెనీ ఈ కేసుల భారమంతా ఒక చిన్న అనుబంధ సంస్థ మీద పెట్టి, ఆ సంస్థ దివాలా తీసిందని కోర్టుకు వెళ్లింది. 2021 నుండి 2025 వరకు మూడుసార్లు ఇలా ప్రయత్నించింది. మూడోసారి సుమారు 900 కోట్ల డాలర్లు ఇచ్చి, 60,000కు పైగా ఉన్న దావాలన్నిటినీ ఒక్కసారే ముగించాలని చూసింది. 2025 మార్చి 31న టెక్సస్‌లోని కోర్టు దాన్ని కూడా తోసిపుచ్చింది. కాబట్టి ఆ పథకం కింద అందరికీ పంచే నిధి ఏర్పడలేదు. ఫారం నింపితే వాటా వస్తుందన్న మాట ఈ పథకం గురించి పుట్టిందే అనుకుంటాను.

కంపెనీ మాత్రం తన పౌడర్ సురక్షితమనీ, అందులో ఆస్బెస్టాస్ లేదనీ, దానివల్ల క్యాన్సర్ రాదనీ చెబుతూనే ఉంది. 2019 అక్టోబరులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఒక డబ్బాలో కొద్దిపాటి ఆస్బెస్టాస్ కనిపించిందని చెప్పగా, కంపెనీ సుమారు 33,000 డబ్బాలను వెనక్కి తీసుకుంది. 2020లో అమెరికా, కెనడాల్లో టాల్క్ బేబీ పౌడర్ అమ్మకం ఆపుతున్నట్టు ప్రకటించింది. 2023 నుండి ప్రపంచమంతటా టాల్క్ మాని మొక్కజొన్న పిండితో చేస్తామని 2022 ఆగస్టులో చెప్పింది.

మన దేశం సంగతి

2018 డిసెంబరులో రాయిటర్స్ వార్తాసంస్థ ఒక కథనం ప్రచురించింది. పొడిలో అప్పుడప్పుడు ఆస్బెస్టాస్ కనిపిస్తోందని కంపెనీకి 1970ల నుండే తెలుసని అందులో రాసింది. వెంటనే మన ఔషధ నియంత్రణ అధికారులు హిమాచల్ ప్రదేశ్‌లోని బద్దిలోనూ, ముంబయిలోని ములుంద్‌లోనూ ఉన్న ఫ్యాక్టరీల నుండి నమూనాలు పట్టుకెళ్లారు. ప్రభుత్వ పరీక్షల్లో ఆస్బెస్టాస్ లేదని తేలిందని చెప్పి కంపెనీ 2019 ఫిబ్రవరిలో తయారీ మళ్లీ మొదలుపెట్టింది.

ఇక్కడ ఇంకొక మాట చెప్పాలి. మన ప్రాంతంలో ఆస్బెస్టాస్ పౌడర్ డబ్బాలో ఉందో లేదో గాని, చాలా ఇళ్ల నెత్తిమీద మాత్రం ఉంది. సిమెంటు రేకుల్లో కలిపేది ఈ రాతినారనే. రేకు కదలకుండా ఉన్నంతవరకు పెద్ద భయం లేదు. రంపంతో కోసినప్పుడు, పగిలిన ముక్కలను దంచి గుంతల్లో పోసినప్పుడు ఆ దుమ్ము లేస్తుంది. తప్పనిసరయితే నీళ్లు చల్లి తడిపి, పిల్లలను దూరంగా పంపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని తీయండి. పొడిగా ఉన్నప్పుడు చీపురుతో ఊడ్చవద్దు.

రాతినార మీద మన సుప్రీంకోర్టు 1995 జనవరిలోనే తీర్పు చెప్పింది. ఆ పరిశ్రమల్లో పనిచేసి జబ్బుపడినట్టు నిర్ధారణ అయిన కార్మికులకు లక్ష రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలంది. ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుండి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానిన తర్వాత 15 ఏళ్లు, ఏది ఎక్కువయితే అంతవరకు భద్రపరచాలని కూడా ఆదేశించింది. ముందు చెప్పిన ఆలస్యం ఇందుకే గుర్తుంచుకోమన్నాను. జబ్బు ముప్పై ఏళ్ల తర్వాత వస్తే, అప్పటి కాగితం లేనివాడి మాట కోర్టులో నిలవదు.

అమ్మకు దీనివల్లే వచ్చిందా?

ఎక్కువగా బాధపెట్టే ప్రశ్న ఇదే. బహిష్టు గుడ్డ మీద పౌడర్ చల్లుకున్నవాళ్లు, తొడలు ఒరుసుకుపోతే రాసుకున్నవాళ్లు మనలో ఎందరో. పురిటిబిడ్డకు స్నానం కాగానే సాంబ్రాణి పొగ వేసి, ఒళ్లంతా తెల్లగా పౌడర్ అద్దటం నేనూ చేశాను, తల్లులకు నేర్పాను కూడా. కూతురు "నేనే తెచ్చిచ్చాను" అని ఏడుస్తుంటే ఏం చెప్పాలి?

తెలిసింది ఇంతే. 2024 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ టాల్క్‌ను క్యాన్సర్ బహుశా కలిగించగల పదార్థాల జాబితాలో చేర్చింది. మేకమాంసం వంటి ఎర్రమాంసం కూడా ఆ జాబితాలోనే ఉంది. ఆస్బెస్టాస్, పొగాకు, సారా దానికంటే పైన, రుజువయిన జాబితాలో ఉన్నాయి. సుమారు రెండున్నర లక్షల మంది స్త్రీల వివరాలు కలిపి చూసిన 2020 నాటి అధ్యయనంలో మర్మాంగాల దగ్గర పౌడర్ వాడకానికీ అండాశయ క్యాన్సర్‌కూ స్పష్టమైన సంబంధం తేలలేదు. 50,000 మందికి పైగా స్త్రీలను గమనించిన 2024 నాటి అధ్యయనంలో సంబంధం కనిపించింది. వేలమందిని లెక్కపెడితే ఎక్కువ తక్కువలు తెలుస్తాయి. మంచం మీదున్న ఒక మనిషిని చూపించి, ఈమెకు పౌడర్ వల్లే వచ్చిందని ఏ డాక్టరూ ఖాయంగా చెప్పలేడు. వయస్సు, వంశంలో ఎవరికైనా రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ ఉండటం, ఇవి కూడా కారణాలవుతాయి. కాబట్టి ఆ కూతురు తనను తాను నిందించుకోవలసిన పని లేదు.

పౌడర్ మానేస్తే నష్టమేమీ లేదు గనుక మర్మాంగాల దగ్గర వాడవద్దనే చెబుతాను. పసిబిడ్డ ముఖం దగ్గర దులపవద్దు, ఆ పొడి ఊపిరిలోకి పోతుంది. డబ్బా మీద చిన్న అక్షరాల్లో టాల్క్ అని ఉందేమో చదవండి. కంపెనీ ఒకటి మార్చినా బజారులో టాల్క్ పౌడర్లు ఇంకా ఉన్నాయి.

అంతకంటే ముఖ్యమైనది, ఆ పెద్దమ్మకు కనిపించిన గుర్తులు. కడుపు ఉబ్బరం, త్వరగా నిండిపోవటం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ మూత్రం, ఇవి రెండు మూడు వారాలు పోకుండా ఉంటే, ముఖ్యంగా ముట్లుడిగిన స్త్రీలలో, సోడాలు ఆపి స్కానింగ్ తీయించాలి.

కేసు వేయాలనుకుంటే

వేసే హక్కు మీకుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో లోపమున్న వస్తువు వల్ల హాని జరిగితే తయారీదారు నుండి పరిహారం అడగవచ్చు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, మనకు సంగారెడ్డి. కొన్న వస్తువు ధర 5 లక్షల లోపయితే ఫీజు లేదు. మామూలుగా రెండేళ్ల లోపు వేయాలి. అయితే డబ్బాలో లోపం ఉందనీ, జబ్బు దానివల్లే వచ్చిందనీ చూపించే భారం మీదే, అది సులువు కాదు. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. సంగారెడ్డిలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వినియోగదారుల ఫిర్యాదులకు 1915. ఈ చోట్ల సలహాకు ఎవరూ ఇరవై వేలు అడగరు.

సువార్తలో పన్నెండేండ్ల రక్తస్రావంతో ఉన్న స్త్రీ తనకున్నదంతా వైద్యుల దగ్గరే పోగొట్టుకుంది. ఇప్పటివాళ్లు వైద్యుడి దగ్గరకు చేరకముందే ఫారాలు నింపేవారి దగ్గర పోగొట్టుకుంటున్నారు.

ఆ కొడుకు మా మాట విని మర్నాడే పట్నం వెళ్లాడు. ఆరోగ్యశ్రీ కింద చికిత్స మొదలయింది. కాని ఒక కష్టం వచ్చిపడింది. ఐదు వేలు తీసుకున్న మనిషి స్కానింగ్ రిపోర్టు అసలు ప్రతి కూడా తన దగ్గరే పెట్టుకున్నాడు. మిగతా డబ్బు ఇస్తేనే తిరిగి ఇస్తానన్నాడు. అతను మళ్లీ వచ్చినప్పుడు మా రికార్డు గదిలోని నకలు తీసి ఇచ్చాం. రోగి గాని, రోగి అధికారమిచ్చినవారు గాని అడిగితే 72 గంటల లోపు రికార్డులు ఇవ్వాలని వైద్యమండలి 2002 నాటి నియమం చెబుతోంది. ఆసుపత్రులు వాటిని మూడేళ్లు దాచాలి. ఆ తర్వాత దొరక్కపోవచ్చు గనుక ముందే అడిగి తీసుకోండి. ముక్క పరీక్ష జరిగితే రిపోర్టుతోబాటు మైనపు బిళ్ల, గాజు పలకలు ఎక్కడ ఉన్నాయో కూడా రాసిపెట్టుకోండి. వేరే ఆసుపత్రిలో రెండో అభిప్రాయానికి అవే కావాలి, కోర్టుకూ అవే కావాలి. అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకండి, జిరాక్స్ ఇవ్వండి. మా ఆసుపత్రిలో నకళ్ల కోసం డిశ్చార్జి చీటీ, ఆధార్ కార్డు తీసుకుని ఓ.పి. కౌంటరు పక్కనున్న రికార్డు గదికి రండి. చదవటం రానివారు డ్యూటీలో ఉన్న సిస్టరును అడిగితే దరఖాస్తు రాసిపెడతారు.