యెషయా గ్రంథము – చారిత్రక భూమిక

'ప్రవక్త' యనగానే మనలో పలువురకు రాబోవు సంగతులు చెప్పు జ్యోతిష్కుడు స్ఫురించును. హీబ్రూ భాషలోని 'నాబీ' యను పదమున కర్థము అంత ఇరుకైనది కాదు. నాబీ దైవము పేర తన కాలపు రాజుతోను, ప్రజలతోను, వారి యెదుట నిలిచిన ఆపదను గూర్చి మాటలాడువాడు. కావున ఆ మాట ఏ యేట, ఏ రాజు కాలమున పలుకబడెనో తెలియనిచో అందలి సగము భావము చేజారును. ఇందుకు యెషయా గ్రంథము 22వ అధ్యాయము మంచి నిదర్శనము.

యూదా చిన్న రాజ్యము. నైరృతి దిక్కున ఐగుప్తు, ఈశాన్యమున అష్షూరు సామ్రాజ్యము. (చరిత్ర పాఠ్యపుస్తకములలోని అస్సీరియాయే మన తెలుగు బైబిలులోని అష్షూరు, అందలి సైరసే ఇందలి కోరెషు. ఇది తెలియక తికమకపడు విద్యార్థులు పెక్కుమంది.) క్రీ. పూ. 722 ప్రాంతమున ఉత్తరపు ఇశ్రాయేలు రాజధానియగు షోమ్రోను అష్షూరు వశమయ్యెను. అచ్చటి ప్రజలలో అనేకులు దూరదేశములకు తరలింపబడిరి. 705లో అష్షూరు చక్రవర్తి సర్గోను యుద్ధమున హతుడు కాగా, యూదా రాజు హిజ్కియా ఐగుప్తు సాయము నమ్మి తిరుగుబాటు చేసెను. 701లో సర్గోను కుమారుడు సన్హెరీబు దండెత్తి వచ్చెను.

ముట్టడికి ముందు యెరూషలేములో జరిగిన సన్నాహముల గుర్తులు నేటికిని కలవు. గీహోను ఊట నీరు శత్రువునకు దక్కకుండ, కొండను తొలిచి, సుమారు 533 మీటర్ల సొరంగము గుండ సిలోయము కోనేటికి మరల్చిరి. పనివాండ్రు రెండు జట్లుగా రెండు కొనల నుండి తొలుచుచు వచ్చి నడుమ కలిసికొనిరి. 1880లో ఒక బడిపిల్లవాడు ఆ సొరంగపు గోడపై చెక్కియున్న హీబ్రూ అక్షరములను కనుగొనెను. ఒక జట్టు కేకలు రెండవ జట్టునకు రాతి గుండ వినబడిన ముచ్చట అందు గలదు. రాజు పేరు మాత్రము లేదు! ఆ శాసనమిప్పుడు ఇస్తాంబుల్ పురావస్తు ప్రదర్శనశాలలో నున్నది. మరియు 1970 ప్రాంతపు త్రవ్వకములలో 7 మీటర్ల మందము గల ప్రాకార మొకటి బయల్పడెను. దానికి చోటు చేయుటకై పడగొట్టిన ఇండ్ల పునాదులు దాని క్రిందనే కనబడినవి.

ఇప్పుడు 22వ అధ్యాయమును విప్పుడు. ఇండ్లను లెక్కించి గోడ కొరకు పడగొట్టుటయు, రెండు గోడల నడుమ నీటిని నిలువచేయుటయు అందు పేర్కొనబడినవి. ఇంతయు చేసియు, దీనిని నిర్ణయించిన దేవుని వంక చూడరైతిరని ప్రవక్త నిష్ఠూరమాడును. రాజుల గ్రంథమేమో ఆ కాలువను హిజ్కియా ఘనకార్యములలో నొకటిగా చెప్పుచున్నది. ఒకే పనికి రెండు తీర్పులు! నా మట్టుకు నాకు రెండును నిజములే యని తోచును. నీరు లేక నగరము నిలువదు. కాని ఇల్లు కూలిన కాపురస్థునకు ఆ గోడ వలన కలిగిన రక్షణ యెంత? ఆ బాధ నెరిగిన పల్లకము కొందరకే తెలియును.

సన్హెరీబు లాకీషును పట్టుకొనెను. తాను 46 కోటలను గెలిచితిననియు, హిజ్కియాను యెరూషలేములో బంధించితిననియు, 30 తలాంతుల బంగారము గొంటిననియు అతని శాసనము చెప్పును. రాజుల గ్రంథమును బంగారము లెక్క 30 అనియే చెప్పుచున్నది. వెండి దగ్గర మాత్రము అది 300, శాసనము 800. నగరమును పట్టితినని అతడు ఎచ్చటను చెప్పుకొనలేదు.

40వ అధ్యాయము నుండి కాలము మారినట్లు తోచును. 45వ అధ్యాయమున కోరెషు పేరు స్పష్టముగా నున్నది; అతడు బబులోనును గెలిచినది 539లో. ఈ భాగము యెషయాకు నూటయేబది యేండ్ల తరువాతి వారిదని పెక్కుమంది పండితులును, అంతయు యెషయాదే యని సంప్రదాయవాదులును అందురు. 1947లో మృతసముద్ర తీరపు గుహలో దొరికిన ప్రాచీన యెషయా చుట్టలో మాత్రము 39 ముగిసిన పుటవరుస యడుగుననే, ఎట్టి విరామమును లేక, 40వ అధ్యాయము మొదలగుచున్నది.