నెట్‌వర్కింగ్ ఉద్యోగానికి ఇంట్లోనే ల్యాబ్

ఆనందపురం మండలం తర్లువాడ భీమిలి నియోజకవర్గంలోని ఊరు. 2025 అక్టోబర్ 14న గూగుల్ ప్రకటించిన విశాఖ ఏఐ హబ్ డేటా సెంటర్లకి అనుకున్న చోట్లలో అదీ ఒకటి. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామన్నారు. భీమునిపట్నంలో డిగ్రీ, పాలిటెక్నిక్ చదివేవాళ్లు ఇప్పుడు నెట్‌వర్కింగ్ వైపు చూడటం సహజం. వేలకు వేలు పోసి కోచింగ్‌లో చేరకముందే ఇంట్లో మైన్‌క్రాఫ్ట్ ఆటకి ఒక సర్వర్ పెట్టి చూడమంటాను. అమ్మానాన్నలూ, దీన్ని ఆట అని కొట్టిపారేయకండి.

సర్వర్ నడిచే కంప్యూటర్‌కి రౌటర్లో ఒకే లోకల్ ఐపీ కేటాయించండి. లేదంటే కరెంటు పోయి వచ్చాక అడ్రస్ మారిపోవచ్చు. ఆపైన పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి కనెక్షన్‌ని రౌటర్ ఈ కంప్యూటర్‌కి పంపేలా చేయడం: జావా ఎడిషన్‌కి టీసీపీ 25565, బెడ్‌రాక్‌కి యూడీపీ 19132. కంప్యూటర్ ఫైర్‌వాల్‌లోనూ అదే పోర్టు తెరవాలి.

ఇంత చేసినా పక్క వీధి స్నేహితుడికి కనెక్ట్ కాకపోవచ్చు. అసలు చదువు అక్కడే మొదలు. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (బయటివైపు అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు ఉంటే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే. ఐపీవీ4 అడ్రస్‌లు చాలక ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రస్‌ని ఎన్నో ఇళ్లకు పంచుతోందన్నమాట. అప్పుడు మీ రౌటర్లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటివాళ్లు లోపలికి రాలేరు. కంపెనీని స్టాటిక్ ఐపీ అడగాలి, లేదా ఐపీవీ6 ఉందేమో చూడాలి. ఇంటి వైఫై మీద మాత్రం పరీక్షించొద్దు. లోపలి నుంచి సొంత పబ్లిక్ అడ్రస్‌కి కొన్ని రౌటర్లు వెళ్లనివ్వవు. వేరే ల్యాప్‌టాప్‌ని మొబైల్ హాట్‌స్పాట్‌కి కలిపి చూడండి.

విసుగొచ్చి కంప్యూటర్‌ని డీఎంజెడ్‌లో పెట్టేయకండి, ఇంటర్నెట్ మొత్తానికీ తలుపు తీసినట్టవుతుంది. సర్వర్లో వైట్‌లిస్ట్ ఆన్ చేసి, తెలిసినవాళ్లనే రానివ్వండి.

కంప్యూటర్, రౌటర్, ఆ తర్వాత కంపెనీ లైను: ఇలా ఒక్కో మెట్టూ తేల్చుకుంటూ పోవడమే ఎన్‌ఓసీ (నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్) ఇంజినీర్ రోజూ చేసే పని. సిస్కో సర్టిఫికేషన్ సీసీఎన్‌ఏ 200-301 సిలబస్‌లోని నాట్ (అడ్రస్ మార్పిడి), డీహెచ్‌సీపీ (అడ్రస్ కేటాయింపు) పాఠాలు అప్పుడు ఇట్టే ఎక్కుతాయి. సాధనకు సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగా దొరుకుతుంది. ఎక్కడ ఆగింది, ఎలా కనిపెట్టారు, ఏం మార్చారు అన్నది తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే ఆ పేజీ తీసి చూపించండి.